మగ్గం చప్పుడుకి గుంజీలు

"ఉదయా! ముందు ఆ నూలు కట్టలు కింద పెట్టు!"

పెళ్లయ్యాక మా ఆయన నా మీద గొంతు పెంచింది అదే మొదటిసారి. చేతికొక నూలు కట్ట పట్టుకుని, ఫోన్లో వ్యాయామం నేర్పే అమ్మాయి చెప్పినట్టు పైకీ కిందకీ లేపుతున్నాను.

"డంబెల్స్ లేవు కదండీ..."

"తెల్ల నూలది. నీ చెమట తగిలిందంటే చీర నిండా మరకలే!"

వంటింట్లోంచి అత్తయ్య నవ్వారు. "పోనీలేరా పానకాలూ, కొత్త కోడలు నూలు మోస్తుంటే సంతోషించక!"

నా అవస్థ వాళ్లకేం తెలుసు? పెళ్లైన మర్నాడు, మంగళగిరి కొండ మెట్లెక్కుతూ సగంలోనే కూలబడ్డాను. పట్టుచీర, నగలు, నా డెబ్బై ఎనిమిది కిలోలు! "ఈ పిల్లని పైకెక్కించడం ఆ స్వామి వల్ల కూడా కాదు" అంది పుల్లమ్మ పిన్ని. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు, నన్ను వెనకేసుకొచ్చి ఒక్క మాటా అనలేదు. అటు తిరిగి ఊరి వైపు చూస్తూ నిలబడ్డారు.

నన్ను చూసి సిగ్గుపడ్డారనుకున్నాను. ఆయన పుట్టినరోజుకి ఆగకుండా కొండెక్కి చూపించాలని ఒట్టు పెట్టుకున్నాను.

ఫోన్లో వ్యాయామం నలభై నిమిషాలు. మూడో రోజుకి మోకాళ్లు వంగనన్నాయి. కుంటుతూ టీ తెచ్చిస్తే, మగ్గం గుంటలో కూర్చున్న ఆయన తలెత్తారు.

"ఆ పిల్లకి నీ మోకాళ్ల సంగతి తెలుసా? ఫోను కట్టెయ్. నా మగ్గం చప్పుడుకి చెయ్యి."

టక్కు... టక్కు... పది గుంజీలు. కాస్త విశ్రాంతి. గోడకి చేతులానించి పది దండీలు. వారానికి రెండేసి పెంచుకుంటూ పోయాను. విచిత్రం, నేను అలిసిపోతే మగ్గమూ నెమ్మదించేది! ఒకరోజు తలుపు సందులోంచి తొంగి చూశాను. ఆయన చెవి నా గది వైపే ఉంది. నా ఊపిరి వింటూ నేస్తున్నారు!

ఆ రోజు ఎనిమిది గుంజీలు ఎక్కువ తీశాను. మోకాళ్లకి తెలియనే లేదు.

పుట్టినరోజు పొద్దున సన్నటి జల్లు. కొండ సగం దాటాను. ఆగలేదు! గర్వంగా వెనక్కి తిరిగితే, ఆయన పది మెట్ల కింద, నడుం మీద చేతులు పెట్టుకుని ఉన్నారు.

"ఏమైందండీ?"

చెయ్యి ఊపి, ఊరి వైపు తిరిగిపోయారు. అచ్చం ఆ రోజులాగే.

పరుగున దిగాను. "అంటే... ఆ రోజు కూడా?"

"మాట... వస్తే కదా... మాట్లాడ్డానికి! నువ్వు కూర్చోకపోతే... నేనే పడిపోయేవాణ్ని. నీ మీద ఇష్టం పుట్టింది... అక్కడే."

"మూడు నెలలు ఎందుకు చెప్పలేదు?"

"పరువు!"

నవ్వాగలేదు నాకు. ఒట్టు గాలికొదిలేసి ఆయన పక్కనే తడి మెట్టు మీద కూర్చున్నాను. కింద ఊరంతా వాన పొగలో తేలుతోంది. ఆయన ఊపిరి కుదుటపడేదాకా విన్నాను.

"రేపట్నుంచి మీరూ గుంజీలు తీయాలి."

"మరి మగ్గం ఎవరు నేస్తారు?"

లేచి, ఒక మెట్టు పైకెక్కి, చప్పట్లు మొదలుపెట్టాను.

టక్కు... టక్కు...

చప్పట్టుకో మెట్టు చొప్పున, నవ్వుకుంటూ ఎక్కి వచ్చారు మా ఆయన.