ఖాళీ కాగితాల మీద సంతకాలు

మూడు రోజులుగా గల్ఫ్‌లో, ఘుబ్రాలోని ఆ ఇంట్లో ఒకటే వరస. ఉదయం ఏడింటికల్లా ఆనందబాబు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఫోను ఎదురుగా పెట్టుకుని కూర్చుంటున్నాడు. కూతురు సెలిన్‌కి జడలు వేస్తున్న కోడలు కృపావతి ఆయన వైపు చూడలేకపోతోంది.

ఆయన ముప్పై ఏళ్లు పోలీసు స్టేషన్లో కేసు కాగితాలు రాసే రైటరుగా చేసి రిటైరయ్యాడు. కేసులు కోర్టులో ఎందుకు వీగిపోతున్నాయో, తప్పు చేయనివాళ్లు జైళ్లలో ఎందుకు మగ్గుతున్నారో తేల్చడానికి ఇండియాలో ప్రభుత్వం డబ్బిచ్చి ఒక పరిశోధన చేయిస్తోంది. అందులో పనిచేసే అనూహ్య అనే అమ్మాయి, పాత రైటర్లతో మాట్లాడుతున్నామంటూ ఫోన్ చేసింది. ఆయన సరేనన్నాడు. పొద్దున పూట మళ్లీ చేస్తానని ఆమె చెప్పింది.

"ఏదన్నా నోరు జారితే పింఛను పోద్ది. నా ఉద్యోగానికీ ఎసరే," అని కొడుకు స్యాం భార్య దగ్గర తల పట్టుకున్నాడు. వీసాలూ పాస్‌పోర్టులూ కళ్ల ముందు తిరిగి కృపావతికి కాళ్లూ చేతులూ ఆడలేదు. మావయ్య స్నానానికి వెళ్లగానే ఆయన ఫోన్లో అనూహ్య నంబరు బ్లాకులో పెట్టేసింది.

"ఆ పిల్ల మరిచిపోయిందేమోనమ్మా."

"వాళ్లకి బోలెడు పనులుంటాయి మావయ్యా."

డ్యూటీకి బయల్దేరుతున్న స్యాం విసుక్కున్నాడు. "వదిలెయ్ నాన్నా! ఇప్పుడు నువ్వు చెప్తే ఏం మారుద్ది?"

"సాక్షులు దొరక్క టీకొట్టు వాడి చేత ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టించేవాణ్ణిరా. తర్వాత నాకు తోచింది రాసేవాణ్ణి. అట్టాంటి కాగితంతోనే ఒకడు మూడేళ్లు లోపలున్నాడు. చివరికి ఏ తప్పూ లేదని తేలింది."

"అందరూ చేసిందేగా!"

"అందుకేగా వాళ్లు అడిగేది! నా పేరు ఎక్కడా రాయరట. వాడి పేరు మాత్రం నా చేత్తో నేనే రాశాను గదరా. అప్పుడు వాడి కూతురు మన సెలిన్ అంత."

కింద స్కూలు బస్సు హారన్ మోగింది. ఎవరూ కదల్లేదు.

కృపావతి చేతుల్లోంచి జడ జారిపోయింది. "ఆ అమ్మాయి మరిచిపోలేదు మావయ్యా. భయమేసి నేనే నంబరు ఆపేశాను."

ఆనందబాబు ఆమె వైపు తిరిగాడు. "రైటరు కోడలివనిపించుకున్నావమ్మా! సాక్ష్యం మాయం చెయ్యడం బాగానే వచ్చింది."

ఆమెకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. కొంగుతో కళ్లు తుడుచుకుని, నంబరు విడిపించి తనే ఫోన్ కలిపింది.

"చెప్పండి సార్," అంది అనూహ్య. ఆనందబాబు ఫోను చేతిలోకి తీసుకుని కొడుకు వైపు చూశాడు.

స్యాం గుమ్మంలో బూట్లు విప్పేసి వచ్చి తండ్రి పక్కన కూర్చున్నాడు. ఆయన వీపు మీద చెయ్యి వేశాడు.

"చెప్పు నాన్నా," అన్నాడు మెల్లగా.