తిరగబడిన వాతావరణ సూచన

"బాంబు రైల్లోనే ఉంది. ఏ పెట్టెలోనో తెలీదు," అన్నాడు చీఫ్. "పదకొండూ నలభైకి రైలు సముద్రం మీది వంతెన ఎక్కుతుంది. అప్పుడే పేలుతుంది."

జంక్షన్ ప్లాట్‌ఫారం మీద పేపర్లు అమ్మేవాడి వేషంలో నిలబడ్డాడాయన. కిటికీ లోపల కూర్చున్న ఏజెంట్‌కు ఏడుపొకటే తక్కువ. పదకొండేళ్లుగా వాయిదా వేసిన విహారయాత్ర ఇది. ఎదురు సీట్లో భార్య కునుకు తీస్తోంది. అతని అసలు ఉద్యోగం సంగతి ఆవిడకు చెప్పలేదు, స్టేషనరీ ఆఫీసులో గుమాస్తాననే చెప్పుకున్నాడు.

"ఇవాళ నేను సెలవు సార్."

"నీ కర్మ. రైలు ఆపితే బాంబు పెట్టిన విదేశీ ముఠావాడు రిమోట్ నొక్కేస్తాడు. రైలు మైకులో వాతావరణ సూచన చదివే అమ్మాయి మన డబుల్ ఏజెంట్, సీతాకోకచిలుక. వాడు పక్కనే ఉంటాడు కాబట్టి సూటిగా చెప్పలేదు. ఆ సూచనలో ప్రమాద హెచ్చరిక నంబరే పెట్టె నంబరు. ఇంజను నుంచి లెక్కపెట్టు."

"ఆవిడ మనవైపేనా?"

"వారంలో నాలుగు రోజులు."

అవతల ఇంజను విప్పి రెండో చివర తగిలిస్తున్నారు. చీఫ్ అటు చూడనే లేదు. ఆయన తిరిగేదెప్పుడూ కార్లోనే, రైళ్ల సంగతి తెలీదు.

రైలు కదిలాక, పదకొండూ ఇరవైకి పెట్టెలోని స్పీకర్ గరగరలాడింది. తేనెలాంటి గొంతు. "సముద్రంలో తుపాను బలపడి వాయుగుండంగానూ, వాయుగుండం మరింత బలపడి అల్పపీడనంగానూ మారింది. ఓడరేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరవేశారు."

మూడు! ఏజెంట్ లేచాడు. మోకాళ్లు కటకటలాడాయి. ఇంజను నుంచి మూడో పెట్టెకు చేరి సీట్ల కింద దూరాడు, సామాన్లు తడిమాడు. ఒక పెద్దమనిషి దొంగనుకుని గొడుగుతో పొడిచాడు. బాంబు మాత్రం లేదు. పదకొండూ ముప్పై నాలుగు.

ఇక చేసేదేమీ తోచలేదు. ఆఖరికి భార్య పక్కనైనా ఉందామని ఈడ్చుకుంటూ వెనక్కి వచ్చాడు. భయం వేసింది. ఇన్నేళ్లలో తన కోసం ఎప్పుడూ వేయలేదు, ఇప్పుడు ఆవిడ కోసం వేసింది.

ఆవిడ మేలుకుని మండిపడుతోంది. "విన్నారా ఆ బులెటిన్? తుపాను బలపడి అల్పపీడనం అవుతుందటండీ! వాతావరణ ఆఫీసులో ముప్పయ్యేళ్లు టైపు కొట్టాను. అల్పపీడనం బలపడితే వాయుగుండం, అది బలపడితే తుపాను. ఆ పిల్ల తలా తోకా తిరగేసి చదివింది."

"మళ్లీ చెప్పు!"

"తలా తోకా తిరగేసిందంటున్నా."

ఇంజను! జంక్షన్‌లో అది అటు చివరికి మారి రైలు తల తోకైంది. ఆ సంగతే సీతాకోకచిలుక చెప్పింది. ఆ పిల్ల పక్కన నిలబడ్డ ముఠావాడు నిఘంటువు చూసి భాష నేర్చినవాడు, ఏ మాట ముందో ఏది వెనకో వాడికేం తెలుసు? వెనక నుంచి మూడో పెట్టె. ఏజెంట్ వేళ్ల మీద లెక్కపెట్టాడు. గార్డు పెట్టె, పక్కది, ఇది.

తలుపు దగ్గర ఓ చెక్కపెట్టె ఉంది. "వాన వస్తే గొడుగులు తీసుకోండి" అని రాసి ఉంది. ఎండ పేల్చేస్తోంది, ఎవరు తెరుస్తారు? తెరిచాడు. గొడుగుల కింద గడియారం, మూడు వైర్లు. అంకెలు అలుక్కుపోయి కనిపించాయి.

"నా కళ్లజోడు పెట్టుకోండి," అంది భార్య వెనకే వచ్చి. చేతిలో చిన్న కత్తెర కూడా పెట్టింది.

చక్రాల చప్పుడు మారింది. వంతెన. నాలుగు సెకన్లు. నీలం వైరు కత్తిరించాడు. గడియారం ఒకటి దగ్గర ఆగిపోయింది.

చెవిమిషన్‌లో దాచిన రిసీవర్ మోగింది. "మీ ముఠావాడు రిమోట్ నొక్కీ నొక్కీ వేలు నొప్పెట్టించుకున్నాడు. బేడీలు వేశాను," అంది సీతాకోకచిలుక.

ఏజెంట్ నేల మీదే కూలబడ్డాడు. భార్యకు ఏదో ఒకటి చెప్పాలి. "మా స్టేషనరీ ఆఫీసులో ఈ మధ్య ఎలక్ట్రికల్ ట్రైనింగ్ ఇచ్చారులే..."

"ఊరుకోండి," అందావిడ, అతని చెమట కొంగుతో తుడుస్తూ. "ప్రతి తుపాను హెచ్చరికకూ ఓ కార్బన్ కాపీ మీ ఆఫీసుకు 'అతి రహస్యం' అని నేనే టైపు చేసి పంపేదాన్ని. కాగితాలూ పెన్నులూ పంచేవాళ్లకు తుపానుతో రహస్యమేమిటండీ?"

ముప్పయ్యేళ్లలో అతని గుట్టు ఏ శత్రుదేశానికీ చిక్కలేదు. ఇంట్లో మాత్రం కార్బన్ కాపీ ఉంది.