తెల్ల తెరమీద మంచం

టీవీ కొనేముందు అందరూ రంగులు చూస్తారు. పురుషోత్తం నలుపు చూస్తాడు. ఆ పిచ్చి అట్లాంటిది. హోసూరులో డ్యూటీ దిగి నేరుగా బాగలూరుకు వచ్చింది కూడా అందుకే.

పాత టీవీ అమ్ముతానన్న కేశవప్ప ఇంట్లో ఆ ప్లాస్మా టీవీ రెండు వేళ్ల మందాన గోడకు అతుక్కుని ఉంది. తయారీ ఎప్పుడో ఆగిపోయిన ఖరీదైన రకం. సినిమా పెడితే చీకటి సీను నిజంగా చీకటిగానే ఉంది. పక్కకు పోయి చూసినా రంగు మారలేదు. పురుషోత్తం మురిసిపోయినాడు. కాలు విరిగి, కట్టుతో తన ఇంట్లో మంచం మీదున్న కూతురు చైత్రకు ఇంతకన్నా ఏం కావాలి?

ప్లాస్మాకు ఒక జబ్బుంది. ఒకే బొమ్మ చాలాకాలం నిలిస్తే దాని మచ్చ తెరమీద ఉండిపోతుంది. అది బయటపడాలంటే ఒట్టి తెల్ల తెర పెట్టాలి. పెన్‌డ్రైవ్ పెట్టి చూసినాడు. నడుమన పల్చటి నీడ. మంచం. దానిమీద ఎవరో పడుకున్నట్టు.

"మంచం బొమ్మ ఎవరైనా అన్ని దినాలు పెడతారా కేశవప్పా?"

"మాయమ్మ మంచం దీనికెదురుగా ఈడే ఉండె," అన్నాడు కేశవప్ప నెమ్మదిగా. "పక్షవాతం. ఒక చెయ్యీ కాలూ పడిపోయినాయి. ఏండ్లు ఇదే చూస్తా పడుకునింది. ఆపితే ఊరుకునేది కాదు. పోయినాక మంచం ఇంట్లో ఉండకూడదని బయట పారేసినాము. టీవీ మాట ఎవరికీ తోచలేదు."

టీవీ తాను చూపించినదాన్నే అచ్చు వేసుకుంటుంది గానీ, తన ముందున్నదాన్ని కాదు. అది పురుషోత్తానికి బాగా తెలుసు. తెలిసీ, ఆ నలుపు మీద మోజుతో నోరు మూసుకున్నాడు. ఇంట్లో పెట్టి చూసి చెప్తానని ఆటోలో ఎక్కించుకుని వచ్చినాడు.

ఇంటికి చేరేసరికి మబ్బు కమ్మింది. భార్య పుష్పావతి ఇంకా పని నుంచి రాలేదు. వానొస్తే ఆ వీధిలో కరెంటు నిలవదు, అంతలోపే చూసెయ్యాలని చైత్ర మంచానికి ఎదురుగా బల్లమీద టీవీ పెట్టినాడు.

తెర వేడెక్కేకొద్దీ గదిలో నొప్పుల తైలం వాసన వచ్చింది. ఆ ఇంట్లో అట్లాంటి తైలం లేదు. టీవీ సన్నగా జుయ్యిమంటోంది. ప్లాస్మాకు అది మామూలే అనుకున్నాడు. కాసేపటికి ఆ శబ్దం ఆగింది... మళ్లీ మొదలైంది... ఎవరో ఊపిరి తీసి వదులుతున్నట్టు.

తెల్ల తెర పెట్టినాడు.

మంచం ఉంది. మంచం మీద ఎవరూ లేరు.

"నాయనా," చైత్ర గుసగుసగా పిలిచింది. "జరగమంటాంది."

"ఎవరమ్మా?"

పాప మంచం అంచుకు జరిగిపోయి ఉంది. పక్కన ఒక మనిషి పట్టేంత చోటు. ఆ చోట దుప్పటి మెల్లగా... మెల్లగా గుంట పడుతోంది.

ఒక్క ఉదుటున పాపను ఎత్తుకున్నాడు. వాకిలి దాకా పోయి నిలబడిపోయినాడు. బరువు. పొద్దున ఎత్తుకున్న బిడ్డ బరువు కాదు. మెడ చుట్టూ ఒక చెయ్యి పడింది. రెండోది చచ్చుపడినట్టు వేలాడుతోంది.

"కేశవా," అంది చైత్ర, చెవిలో. "టీవీ ఆపొద్దురా."

ఆ పేరు అతను ఇంట్లో ఎత్తనే లేదు.

వెనక్కి తిరిగి చూసినాడు. తెరమీది మంచం ఇప్పుడు ఖాళీగా లేదు. చిన్న నీడ. ఒక కాలు లావుగా, కట్టుతో. చిన్న చెయ్యి పైకి లేస్తోంది... దిగుతోంది... ఎత్తుకో నాయనా అన్నట్టు.

టీవీ ఆరిపోతే తన బిడ్డ యాడికి పోతుందో తలుచుకునేసరికి పురుషోత్తం ప్రాణం విలవిల్లాడింది.

బయట చినుకులు మొదలైనాయి. ఇంట్లో లైటు ఒకసారి మినుక్కుమంది.