మీటరు వెనక ఏడో దీపం

చింతామణి నుంచి మొదటి బస్సుకే వచ్చి, చిక్కబళ్ళాపురంలో డిటెక్టివ్ దేవరాజ్ ఆఫీసు మెట్ల మీద కూర్చుంది చైత్ర. తలుపు తీయడానికి వచ్చిన అసిస్టెంట్ వీణను చూడగానే లేచి నిలబడింది.

"సార్ యాడమ్మా? మా ఆయప్ప ఈ పొద్దు సాయంత్రం తప్పు ఒప్పుకొని సంతకం పెట్టేస్తాడంట!"

లోపల దేవరాజ్ ఆమె చెప్పినదంతా అడ్డు రాకుండా విన్నాడు. చైత్ర భర్త పునీత్ చింతామణిలో కార్ల ఎలక్ట్రీషియన్. కెంచార్లహళ్ళి రైతు అమరనాథ్ పాత కారు మీటరులో మామూలు బల్బులు తీసి, ఆకుపచ్చ ఎల్‌ఈడీలు వేశాడు. రెండు వారాల తరువాత ఆ కారు పాతపాళ్య దాటాక దిగుడులో బ్రేకులు పడక బండరాళ్ళ మీదికి పోయింది. అమరనాథ్ అక్కడికక్కడే చనిపోయాడు.

"బ్రేక్ ఆయిల్ కారిపోతే ఎర్ర దీపం ఎలగాలంట సార్. దాని వెనక కూడా పచ్చ ఎల్‌ఈడీ ఉండాదని పోలీసోళ్ళు చెప్తాండారు. ఎర్ర ప్లాస్టిక్ వెనక పచ్చ దీపం పెడితే బయటికి కనపడదు."

"అది నిజమే," అన్నాడు దేవరాజ్. ఇరవై ఏళ్ళు ఇన్సూరెన్సు సర్వేయరుగా నుజ్జయిన బండ్లను చూసినవాడతను. "పునీత్ ఏమంటాడు?"

"మొదట తాను పెట్టలేదన్నాడు. ఇప్పుడేమో, ఆ దినం మూడు బండ్లు చూసినాను, చెయ్యి పొరపాటు చేసిందేమో అంటాండాడు. అన్నం ముట్టడం లేదు సార్. తానే చంపినానని నమ్మేసినాడు."

గంటలో దేవరాజ్, వీణ బాగేపల్లి స్టేషన్‌లో ఉన్నారు. పునీత్ గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

"నీ పద్ధతి ఏమప్పా? ఎన్ని బల్బులు మారుస్తావు?" అడిగాడు దేవరాజ్.

"మీటరు ముల్లులకు ఎలుగిచ్చేవి ఆరు సార్. వార్నింగ్ దీపాలు ముట్టను. మిగిలిన ఎల్‌ఈడీలు, పాత బల్బులు కవర్లో పెట్టి బండోళ్ళకే ఇచ్చేస్తా. లేకుంటే సామాను కొట్టేసినాడంటారు. కానీ లోపల పచ్చవి ఏడు ఉండాయంట కదా."

స్టేషన్ వెనక పడి ఉన్న కారు దగ్గరికి ఎస్సై వాళ్ళను తీసుకుపోయాడు. "దీపాలు లెక్క పెట్టేకి అంత దూరం నుంచి వస్తిరా సార్?" అని నవ్వాడు. దేవరాజ్ కూడా నవ్వి, కారు ముందు వంగాడు. ముందు చక్రం దగ్గర బ్రేక్ పైపు నట్టును చూశాడు. అది విరగలేదు, వదులైంది. అంచుల మీద స్పానర్ కొరికిన మెరుపు కొత్తగా ఉంది.

తరువాత మీటరు పైకప్పు తీశాడు. దాని కింద మీటరును పట్టి ఉంచే రెండు స్క్రూలు కనిపించాయి. భూతద్దంలో చూసి వీణను పిలిచాడు. స్క్రూల నక్షత్రపు గాడిలో ఎర్రటి పొడి గట్టిగా కూరుకుపోయి ఉంది.

"తుప్పా సార్?"

"వాసన చూడు."

వీణ ముఖం మారిపోయింది. "కుంకుమ!"

మధ్యాహ్నానికి వాళ్ళు కెంచార్లహళ్ళిలో ఉన్నారు. అమరనాథ్ భార్య యశోదమ్మ నడవలో గోడకు ఆనుకొని ఉంది.

"ఆ పిల్లోడి చెయ్యి పడిపోను," అంది. "ఆయుధ పూజ చేసినాక మా కారు వాకిట్లో నుంచి కదల్లేదప్పా. మూడో దినం పొద్దున్నే మా ఆయప్ప ఎక్కి పోయినాడు. అంతే."

"యాడికమ్మా పోయింది?"

"బాగేపల్లి స్టేషన్‌కు. పోయిన నెల పాతపాళ్య కాడ మునివెంకటమ్మ అనే కూలామెను ట్రాక్టరుతో గుద్ది నిలపకుండా పోయినారు కదా? గుద్దింది ఎవరో తనకు తెలుసంట, చెప్పేకి పోయినాడు. పూజ నాడు అన్నదమ్ములిద్దరూ దాని గురించే గట్టిగా మాట్లాడుకొనిరి. నాకు పేరు చెప్పలేదు."

అప్పుడే అమరనాథ్ తమ్ముడు మంజునాథ వచ్చాడు. కొట్టంలో అతని ట్రాక్టరు ఉంది. దాని ఒక పక్క మడ్‌గార్డుకు మాత్రమే కొత్త రంగు పడిందని వీణ గమనించింది. ఇంట్లోని స్పానర్లు, స్క్రూ డ్రైవర్లు ఎక్కడ పెడతారని దేవరాజ్ అడిగాడు.

"మా సామాను ఎవరైనా వాడినారేమో అని మీ అనుమానమా?" మంజునాథ హేళనగా అన్నాడు. "పూజ చేసిన సామాను మేం మూడో దినం మధ్యాహ్నం దాకా ముట్టం. గదికి బీగం. బీగాలచెవి నా మొలతాడుకే ఉంటాది. దేవుడి కాడ పెట్టిండేది ఎవడు ముడతాడప్పా? మీరు ఆ కరెంటోణ్ణి అడగండి."

"ఒకసారి ఆ గది చూడొచ్చా?"

"చూడండి. చావు జరిగినాక అందులో ఎవరూ ఏమీ ముట్టలేదు."

మడకలు, కొడవళ్ళు, సుత్తులు, స్పానర్లు, స్క్రూ డ్రైవర్లు పీట మీద వరుసగా ఉన్నాయి. దాదాపు అన్నిటి మొనల మీదా ఎండిన పసుపు కుంకుమ. దేవరాజ్ చాలాసేపు చూసి, బయటికి వచ్చి ఎస్సైకి ఫోన్ చేశాడు.

సాయంత్రం ఆ నడవలోనే అందరూ కూర్చున్నారు. పునీత్ ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య, చైత్ర గడప దగ్గర.

"పునీత్ ఈ కారు మీటరు తెరిచింది పూజకు పది దినాల ముందు," మొదలుపెట్టాడు దేవరాజ్. "దాని లోపలి స్క్రూలలో కుంకుమ ఉంది. అంటే పూజ తరువాత, పూజలో పెట్టిన స్క్రూ డ్రైవరుతో ఎవరో తెరిచారు."

"బండికి పూజ చేసేటప్పుడు చల్లింటారు!" అన్నాడు మంజునాథ.

"మీటరు పైకప్పు కిందికి పోయి, రెండు గాడుల్లోనే కూరుకుపోయేటట్టు చల్లారా? కారు వాకిలి కదల్లేదు కాబట్టి సామాను ఈ ఇంటిదే. మీ గదిలో అన్నిటికీ కుంకుమ ఉంది. ఒక స్క్రూ డ్రైవరు, ఒక స్పానరు మాత్రం కిరసనాయిలుతో తుడిచినంత శుభ్రంగా ఉన్నాయి."

దేవరాజ్ మంజునాథ వైపు తిరిగాడు.

"స్పానరుతో బ్రేక్ పైపు వదులు చేశారు. ఎర్ర దీపం బల్బు తీసేసి ఊరుకుంటే హత్య అని తెలిసిపోతుంది. అందుకే కవర్లో మిగిలిన పచ్చ ఎల్‌ఈడీ ఒకటి అక్కడ పెట్టారు. అప్పుడు నేరం కరెంటువాడి మీదికి పోతుంది. ఇక ఆ మూడు దినాలు గది తాళం ఎవరి దగ్గరుందో మీరే చెప్పారు, మంజునాథప్పా. ట్రాక్టరు మడ్‌గార్డు రంగు ఎందుకు మార్చారో కూడా చెప్పండి."

యశోదమ్మ మరిది వైపు తిరిగింది. "మంజూ?"

మంజునాథ వదిన ముఖం చూడలేదు. "ఎవరో కూలిదాని కోసం సొంత తమ్ముణ్ణి జైలుకు పంపుతానన్నాడు వదినా," అన్నాడు నేలకేసి. "కాళ్ళు పట్టుకున్నా. వినలేదు."

యశోదమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుంది. ఎస్సై మంజునాథ భుజం మీద చెయ్యి వేసి బయటికి నడిపించాడు.

చైత్ర పునీత్ చెయ్యి పట్టుకొని "లెయ్యి, ఇంటికి పోదాం" అంది. అతను లేవలేదు.

"సార్, నేను ముట్టకుండా వదిలినట్లే ఆ పాత బల్బు ఉండింటే... అమరనాథ్ అన్న బతికుండునా?"

"దిగుడుకు ముందే దీపం వెలిగేది. బండి ఆపేవాడు. బతికుండేవాడప్పా."

ఇన్ని దినాలూ భయంతో బిగుసుకుపోయిన పునీత్, అప్పుడు, చనిపోయిన మనిషి కోసం మొదటిసారి ఏడ్చాడు.