దివాన్‌గారి ఎంక్వైరీ

శనివారం పొద్దున్నే మోహన్ వీధి తలుపు మీది ఇత్తడి పలకని చింతపండు పెట్టి తోముతున్నాడు. 'దివాన్ మోహన్' అన్న ఆ అక్షరాల మెరుపుకి ఫ్రిస్కోలో ఎదురింటివాళ్ళు పదకొండేళ్ళుగా బ్లైండ్స్ ఎత్తలేదు.

ఇంకాసేపట్లో లూకస్ వస్తున్నాడు, కూతురు అవనిని పెళ్ళి చేసుకుంటానని అడగడానికి. పూర్తి పేరు లూకస్ వాన్ మోర్‌బెక్. ఆ 'వాన్' దగ్గరే మోహన్‌కి అనుమానం. జర్మనీలో అది జమీందారీ కుటుంబాల గుర్తని ఎక్కడో చదివాడు. మరి జమీందారు బిడ్డ పదేళ్ళ పాత కారులో ఎందుకు తిరుగుతున్నట్టు?

"ఎంక్వైరీ చెయ్యకుండా పిల్లనెలా ఇస్తాం వసూ?"

"మూడు వారాల నుంచీ చేస్తూనే ఉన్నారుగా," అంది భార్య వసుమతి, పెసరట్టు తిరగేస్తూ. "ఎఫ్‌బీఐ వాళ్ళు మీకింకా ఆఫర్ లెటర్ పంపలేదేంటో."

సంబంధం వస్తే వీధి చివర కొట్టులో వాకబు చెయ్యడం వాళ్ళ ఊరి పద్ధతి. మోహన్ అదే పద్ధతిలో జర్మనీలో లూకస్ వాళ్ళ ఊరు మోర్‌బెక్‌లోని బేకరీకి ఫోన్ చేసి, అబ్బాయి ఎలాంటివాడని అడిగాడు. ఇంగ్లిష్ రాని ఆవిడ రెండు కేకులకి ఆర్డర్ రాసుకుంది. చివరికి మ్యూనిక్‌లో ఉన్న స్నేహితుడి కొడుకు మానవ్‌ని పట్టుకున్నాడు.

"వాన్ అంటే 'నుంచి' అని, అంతే అంకుల్. రాజవంశాలకీ ఉంటుంది, ఊరి పేరు పెట్టుకున్న మామూలు రైతులకీ ఉంటుంది. 1919లోనే హోదాలన్నీ తీసేశారు, ఇప్పుడది ఇంటిపేరులో ఓ ముక్క. డబ్బులిచ్చి దత్తతకెళ్ళి ఆ పేరు తెచ్చుకున్నవాళ్ళు కూడా ఉన్నారు."

మోహన్ చెవికి ఆ ఆఖరి ముక్కే ఎక్కింది.

లూకస్ వచ్చాడు, గుమ్మం బయటే షూ విప్పాడు, సోఫా అంచున కూర్చున్నాడు. మోహన్ పెసరట్టు ప్లేటు అందిస్తూనే అడిగేశాడు.

"ఆ వాన్ ఎంతకి కొన్నావు?"

"నాన్నా," అంది అవని.

"కొనలేదు అంకుల్," అన్నాడు లూకస్ తన ఇంగ్లిష్‌లో. "మాది మోర్‌బెక్, అందుకే ఆ పేరు. మావాళ్ళు పందులు పెంచేవారు. పెదనాన్న ఇప్పటికీ పెంచుతున్నాడు."

"మరి జమీందార్లమని ఎందుకు చెప్పావు?"

"నేను చెప్పలేదే."

నిజమే. ఆ మాట పక్కూరు ప్లేనోలో సగం మందికి చెప్పింది మోహనే.

"ఇంకా ఏమేం దాచావు?"

అవని లేచి నిలబడింది. "ఇనఫ్ నాన్నా. మన కస్టమ్ కదా అని నేనే చెప్తే, తను కూడా మన గురించి ఎంక్వైరీ చేశాడు. వెంకటస్వామి తాతయ్యకి కాల్ చేశాడు. టూ అవర్స్ మాట్లాడారు."

మోహన్ చేతిలో చట్నీ గిన్నె ఆగిపోయింది. బాబాయి వెంకటస్వామి రిటైరైన ఇంగ్లిష్ మాస్టారు. ఆయన కడుపులో రహస్యం నిలవదు.

"ఏమన్నాడు బాబాయి?"

"లూకస్ నాకు కూడా చెప్పట్లేదు. మంచి ఫ్యామిలీ అంటాడు, అంతే."

లూకస్ మోహన్ కళ్ళలోకి చూశాడు. "మీ తాతగారు గుర్రాలకి మేత వేశాకే తను అన్నం తినేవారట. గొప్ప మనిషి అన్నారు."

"మనకి గుర్రాలు ఉండేవా?" అంది అవని.

లూకస్ తలొంచుకుని పెసరట్టు తుంచుకున్నాడు.

మోహన్ వంటింట్లోకి వెళ్ళి నిలబడ్డాడు. వసుమతి స్టవ్ ఆపింది. "మీ గుట్టు నేను ముప్పయ్యేళ్ళు మోశాను. ఇవాళ ఆ పిల్లాడు కూడా ఓ చెయ్యి వేశాడు. ఇంక దించెయ్యండి."

అతను తిరిగొచ్చి కూతురి పక్కన కూర్చున్నాడు.

"ఆ గుర్రాలు దివాన్‌గారివమ్మా. మా తాత ఆయన బండి తోలేవాడు. మన ఇంటిపేరు బండి. ఇక్కడికి వచ్చేముందు గెజిట్‌లో మార్పించుకున్నాను."

"ఎందుకు నాన్నా?"

"కళ్ళెం పట్టీ పట్టీ తాత అరచేతులు గట్టిగా కాయలు కాసి ఉండేవి. వాటితోనే నా తల నిమిరేవాడు. ఆయన నన్ను చూడ్డానికి కాలేజీకి వచ్చినప్పుడు, ఎవరో మా ఊరి మనిషని ఫ్రెండ్స్‌కి చెప్పాను." మోహన్ తన అరచేతిని చూసుకున్నాడు. "ఆయన విన్నాడమ్మా."

అవని దగ్గరికి జరిగింది. నాన్న చెయ్యి తీసుకుని తన తల మీద పెట్టుకుంది.

కాసేపటికి మోహన్ స్క్రూడ్రైవర్‌తో వాకిట్లోకి నడిచాడు. లూకస్ సాక్సులతోనే వెనకాలే వెళ్ళి అరచెయ్యి పట్టాడు. ఇత్తడి పలక నాలుగు స్క్రూలూ ఒక్కొక్కటిగా అందులో పడ్డాయి.

"శుభలేఖలో బండి మోహన్ అని వేయిద్దాం," అన్నాడు మోహన్ ముక్కు తుడుచుకుంటూ. "మీ పెదనాన్న అడ్రస్ ఇవ్వు. మొదటి కార్డు ఆయనకే."

ఎదురింట్లో బ్లైండ్స్ మెల్లగా పైకి లేచాయి.