మూడు వానలు కాచుకున్న పెళ్లికొడుకు

పెళ్లిచూపులకు పిల్లే బయలుదేరడం అరవదేశంలోని ఇండూరులో అంతకుముందు ఎన్నడూ లేదు. ఈసారి జరిగిందని కూడా పూంగొడికి తప్ప ఇంకెవరికీ తెలియదు.

1985 ఆగస్టు. శుక్రవారం తాంబూలాలు. పెన్నాగరం దగ్గర పశువులున్న ఇల్లు, అబ్బాయి పేరు సిద్ధరాజ్, ఎండాకాలం మందను అడవిలోకి తోలుకుపోతాడు, మిగతా రోజుల్లో కాలేజీ పిల్లలకు కొండదారులు చూపిస్తాడు. నాన్న దొరైసామి చెప్పింది అంతే. కూతుర్ని అడగకుండా సరే అన్నది కూడా ఆయనే.

పూంగొడి బి.ఏ. హిస్టరీ చివరి సంవత్సరం. సరే అనాలో, ఇల్లు పీకి పందిరి వేయాలో శుక్రవారం లోపల తేల్చుకోవాలి. అంతలో కాలేజీలో ధనం టీచర్ ఎనిమిదిమంది అమ్మాయిలను మంగళవారం కొండమీదికి తీసుకుపోతున్నదని తెలిసింది. యుద్ధంలో పోయిన సిపాయికి కొండవాళ్లు నాటిన రాయి చూడడానికట. గైడు సిద్ధరాజ్. ఆ పేరు వినగానే పూంగొడి అందరికన్నా ముందు పేరు రాయించుకుంది.

పెన్నాగరం బస్టాండులో ఒక పొడుగాటి మనిషి, భుజాన గోనెసంచి, చేతిలో కొడవలితో నిలబడి ఉన్నాడు. ముందుగా పూంగొడి హవాయి చెప్పులను చూశాడు.

"ఈ చెప్పులతో కొండ ఎక్కితే నేను మోసుకొని దిగాల్సి వస్తుంది" అన్నాడు అరవంలో.

అమ్మాయిలంతా నవ్వారు. "పెద్ద కలెక్టరు!" అని పూంగొడి తెలుగులో గొణిగింది.

"కలెక్టరుకు దారి తెలీదు. నాకు తెలుసు" అన్నాడు అతను, తెలుగులోనే.

పూంగొడి నాలుక కరుచుకుంది. అయినా చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, కావాలనే అతని వెనకే నడిచింది. వచ్చిందే తెలుసుకోవడానికాయె.

"గైడ్ సార్‌కు పెళ్లయిందా?"

"ఇంగ లేదు. శుక్రారం తాంబూలం. ఇండూరు పిల్ల."

"ఎట్లుంటుంది?"

"నేను చూడలే. మా అమ్మ చూసింది."

"పేరు?"

అతను తల గోక్కున్నాడు. "అమ్మకు తెలుసు."

పూంగొడికి ఒళ్లు మండింది. "ఆవును కొనేటప్పుడు ఏమి చూస్తారు?"

"పళ్లు చూస్తాము. సుళ్లు చూస్తాము. నాలుగడుగులు నడిపించి చూస్తాము."

"వాటికి పేర్లుండాయా?"

"అన్నిటికీ ఉండాయి."

"ఆవుకుండే మర్యాద కూడా ఆ పిల్లకు లేకపోయె!"

సిద్ధరాజ్ నిలబడిపోయాడు. మళ్లీ నడిచాడు. ఒక మలుపు దాటాక వాన మొదలైంది. గోనెసంచిని టోపీలా మడిచి ఆమె తలమీద వేసి, "మీరు చెప్పింది నిజమే. నేను అట్లా ఆలోచించలే. తప్పే" అన్నాడు.

తప్పే అనే మగవాణ్ణి పూంగొడి తన ఇంట్లో ఇంతవరకూ చూడలేదు. కోపం సగం వానలోనే కరిగిపోయింది. మిగతా సగాన్ని గట్టిగా పట్టుకుంది.

కొండమీద పన్నెండు ఇళ్లు. ఊరి మొదట్లో నడుమెత్తు రాయి, దానిమీద తుపాకి పట్టుకున్న మనిషి బొమ్మ.

"ఈయన మాదప్పన్. పటాళంలో బర్మాకు పోయినాడు. నలభై మూడులో చచ్చిపోయినాడని కాగితం వచ్చింది. ఊరు కర్మలు చేసి రాయి నాటింది" అన్నాడు సిద్ధరాజ్. అందరూ దండం పెట్టారు.

కాసేపటికి ఒక ముసలాయన తన ఇంట్లో అందరికీ రాగి సంగటి వడ్డిస్తుంటే, సిద్ధరాజ్ మెల్లగా చెప్పాడు. "రాయిమీద ఉండేది ఈ తాతే."

"చచ్చినాడంటిరే!" పూంగొడి కేకేసింది.

"రాయి ముందర అట్లే చెప్పాల. నాటిన రాయి పీకకూడదు. రాయి ఉండేవాడు ఊర్లో ఉండకూడదు. మూడేండ్లకు ఈయన నడుచుకుంటూ వచ్చేసినాడు. ఊరు ఏమి చేస్తుంది? కొత్తగా పుట్టినాడని ఉయ్యాల కట్టి, పెరియసామి అని పేరు పెట్టినారు."

మీసాల సిపాయి ఉయ్యాలలో! అమ్మాయిలు పడిపడి నవ్వారు. పూంగొడి మాత్రం పొయ్యి దగ్గరున్న ఆయన భార్య పెరుమాయివైపు తిరిగింది. "అట్లయితే మీ పెళ్లి, అవ్వా?"

పెరుమాయి చెప్పింది అరవంలో. తెలుగులో ఇలా ఉంటుంది.

"మొదటిసారి మా నాయన వేలు చూపించె, నేను తల వంచితి. ఎవరూ నన్ను అడగలే. తిరిగి వచ్చినాక ఈయన కొత్త మనిషి కదా, పెరుమాయి కావాలంటే కొత్తగా పోయి అడుగు అన్నారు పెద్దలు. వచ్చి అడిగినాడు. ఈ వానకాలం పోయినాక చెప్తానంటి."

"చెప్పినారా?"

"మూడు వానలు పోయినాక."

"జపానువాడు కూడా నన్ను ఇంత ఏడిపించలే" అన్నాడు ముసలాయన సంగటి ముద్ద చేస్తూ.

"ఇష్టం లేకనా, అవ్వా?"

"ఇష్టం మొదటిరోజే ఉండె. అడిగించుకొనేది బాగుండె." పెరుమాయి పళ్లు లేని నోటితో నవ్వింది.

అందరూ కొండ దిగారు. పెన్నాగరంలో బస్సు ఎక్కుతూ పూంగొడి ఇక ఆగలేకపోయింది.

"నా పేరు పూంగొడి. ఇండూరు దొరైసామి కూతుర్ని."

సిద్ధరాజ్ నోరు తెరుచుకునే ఉండిపోయింది. బస్సు కదిలాక తెలివి వచ్చి, కిటికీ పక్కన పరుగెత్తాడు. "నేనంటే ఇష్టమా?"

"ఇక్కడ కాదు. పెద్దల ముందర అడగండి!"

అనేసింది గానీ, అప్పటినుంచి ఆమెకే నిద్ర లేదు. అతను నచ్చాడు. చాలా నచ్చాడు. కానీ అందరిలో అడిగే ధైర్యం అతనికి లేకపోతే? తలవంచి పెళ్లి చేసుకోకూడదని కొండమీదే అనుకుంది. అడగకపోతే వద్దనే చెప్పాలి.

శుక్రవారం ఇల్లంతా మనుషులు. సిద్ధరాజ్ తెల్లచొక్కాతో నేలచూపులు చూస్తూ కూర్చున్నాడు. ఆకులు, వక్కలు, టెంకాయలు. దొరైసామి పళ్లెం ఎత్తాడు. పూంగొడి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఆగండి మామా!"

అందరూ తలలు తిప్పారు. సిద్ధరాజ్ లేచాడు. నేరుగా పూంగొడివైపు తిరిగాడు.

"పూంగొడీ, నన్ను చేసుకొనేదానికి నీకు ఇష్టమేనా? కాదంటే ఇప్పుడే చెప్పు. మా అమ్మకు నేను చెప్పుకుంటా."

"ఇదేమి కొత్త చోద్యం?" ఎవరో గొణిగారు.

"ఇష్టమే," అంది పూంగొడి. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చినా, వాకిట్లో వాళ్లకు కూడా వినిపించేలా అంది.

ఆమె తల్లి తాయమ్మ మాత్రం పెళ్లికొడుకును చూడలేదు. ఇరవై రెండేళ్ల కాపురాన్ని కళ్లలో పెట్టుకుని మొగుణ్ణి చూసింది. దొరైసామి చేతిలో పళ్లెం దించాడు, గొంతు సవరించుకున్నాడు.

"తాయమ్మా... మన పెళ్లప్పుడు నీకు..."

"ముందు వచ్చినవాళ్లకు కాఫీ ఇయ్యనీ," అంది తాయమ్మ. "తరవాత నిదానంగా అడుగు, వింటాను."