ఏ నెలా కుదరని వియన్నా

“సెప్టెంబర్ కుదరదని ఎన్నిసార్లు చెప్పాలి నీకు? చెవుల్లో కూడా గ్యాస్ నింపుకున్నావా?”

టీచరమ్మ గొంతుకు ట్రావెల్ ఆఫీసులో ఉన్నవాళ్ళంతా తలలు తిప్పారు. ఏసీ మెకానిక్ ఒక్కడే తిప్పలేదు. రెండేళ్ళుగా వింటున్న గొంతే కదా.

మొదటిసారి విన్నది స్కూలు కంప్యూటర్ రూములో. అతను ఏసీ మూత విప్పగానే లోపలి దుమ్మంతా ఆవిడ దిద్దుతున్న పరీక్ష పేపర్ల మీద పడింది. “కళ్ళున్నాయా మీకు?” అని కేకేసింది. “ఉన్నాయండీ, వాటిలోనూ దుమ్మే పడింది” అన్నాడతను. అక్కడ మొదలైన తగువు ప్రేమ దాకా వచ్చింది గానీ పెళ్ళి దాకా రాలేదు. మధ్యలో వియన్నా అడ్డం పడింది.

పదకొండేళ్ళుగా పిల్లలకు మ్యాపు మీద డాన్యూబ్ నదిని కర్రతో చూపిస్తున్న మనిషి ఆవిడ. పెళ్ళైన వారంలో వియన్నా వెళ్ళి ఆ నది ఒడ్డున నిలబడాలి, అంతే. ఏ నెలలో వెళ్ళాలో తేలితే పెళ్ళి తేదీ పెట్టుకుందామంది. ఇదేం బ్రహ్మవిద్యా అనుకుని అతను సరేనన్నాడు. ఆ సరే ఎందుకన్నానా అని రెండేళ్ళుగా తల పట్టుకుంటున్నాడు.

ఆవిడకు పెద్ద సెలవులు మే నెలలో. వియన్నాకు మే భేషుగ్గా ఉంటుంది. కానీ మేలో ఏసీ మెకానిక్ ఊరు వదిలితే, ఉద్యోగం అతన్ని వదిలేస్తుంది. సెప్టెంబరూ మంచిదే, అతనికి తీరికే. అప్పుడు ఆవిడకు పరీక్షలు. ఇద్దరికీ ఖాళీ దొరికేది డిసెంబర్‌లో పది రోజులు. ఆ నెల పేరెత్తితే చాలు, ఇద్దరి ముఖాలూ మాడిపోయేవి.

“చెట్లకి ఒక్క ఆకుండదు” అని ఆవిడ.

“నాలుగింటికే చీకటి పడిపోతుంది” అని అతను.

“ఒరేయ్, మన వీధిలో ఎప్పుడు వానొస్తుందో తెలీదు గానీ, ఆ ఊళ్ళో ఏ నెలకెన్ని డిగ్రీలో నాకు కంఠతా వచ్చేసింది. కోడలెప్పుడొస్తుందో అది చెప్పి చావు” అని ఇంట్లో వాళ్ళమ్మ.

ట్రావెల్ ఆఫీసు క్లర్కు చార్టు ముందుకు జరిపాడు. “మేడమ్, ఈ పచ్చరంగు నెలలన్నీ మంచివే. ఏదో ఒకటి…”

“పచ్చవాటిలో ఒకదానికి ఈయన రాడు, ఇంకోదానికి నేను రాను.” ఆవిడ లేచి బ్యాగు భుజాన తగిలించుకుంది. “ఇవాళ తేలకపోతే ఇక వద్దులే. వియన్నా ఒక్కటే కాదు, అన్నీ. పన్నెండు నెలల్లో ఒక్క నెల కుదుర్చుకోలేనివాళ్ళం, ఒక ఇంట్లో జన్మంతా ఏం కుదురుతాం?”

కోపంగా అనుంటే అతనికి భయం ఉండేది కాదు. ఆవిడ కోపం అతనికి అలవాటే. మెల్లగా అంది.

“డిసెంబర్ రాయవయ్యా!” అని క్లర్కు మీద అరిచాడు.

“రాయొద్దు!” అని ఆవిడ అంతకంటే గట్టిగా అరిచింది.

“ఏమిటి టీచరమ్మా నీ బాధ? చెట్లకి ఆకులు లేకపోతే ఏం? కోసుకొచ్చి కూర వండుతావా?”

“ఆకులు నాకెందుకయ్యా! నీ వేళ్ళ గురించే నా ఏడుపు!”

అతని కుడిచెయ్యి దానంతటదే జేబులోకి పోయింది.

ఎనిమిదేళ్ళ కిందట వాల్వు జారి, ఏసీ గ్యాస్ వేళ్ళ మీద చిమ్మింది. రెండు వేళ్ళు గడ్డకట్టి, తోలు ఊడి వచ్చింది. అప్పట్నుంచీ కాస్త చలి తగిలితే చాలు, అవి తెల్లగా పాలిపోయి మొద్దుబారిపోతాయి. చలి పడని ఏసీ మెకానిక్‌ని ఎవడు పనికి పిలుస్తాడు? అందుకే కన్నతల్లికి కూడా చెప్పలేదు.

“నీకెవరు చెప్పారు?”

“ఒకరు చెప్పాలా? ఏసీ బాగుచేసిన ప్రతిసారీ టీ గ్లాసు రెండు చేతులా పట్టుకుని కూర్చుంటావు. చల్లారిందాకా తాగవు. పరీక్షల్లో కాపీలు పట్టేదాన్ని, ఆ మాత్రం కనిపెట్టలేనా?”

“మరి రెండేళ్ళు ఆకులూ ఆకులూ అని నా ప్రాణం తోడేశావే!”

“నువ్వు చీకటీ చీకటీ అని నా ప్రాణం తోడలేదూ? నీ నోటితో నువ్వే చెబుతావని చూశాను. చూసీ చూసీ విసుగొచ్చింది.”

అతనికి ఆవిడ మీద చిర్రెత్తింది. అంతకు పదింతలు తన మీద తనకే ఎత్తింది. చెయ్యి బయటికి తీసి, అందరూ చూస్తుండగా కౌంటరు మీద పెట్టాడు.

“ఇదిగో. చల్లబడితే ఈ రెండూ నా మాట వినవు. ఇంతకు మించి దాచిందేం లేదు.”

క్లర్కు నసిగాడు. “సార్, చెప్పడం నా బాధ్యత. డిసెంబర్‌లో అక్కడ సున్నా దాకా…”

“తెలుసు!” అన్నారిద్దరూ.

ఆవిడ బ్యాగు దించి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. “డిసెంబరే రాయండి.”

“మరి వేళ్ళు?” అన్నాడతను.

“నా చేతిలో పెట్టు. పది రోజులూ నాకు సెలవే, వేరే పనేముంది?”